మరచెంబులో తలకోన నీళ్లు

మా ఇంట్లో ఒక ఇత్తడి మరచెంబు ఉంది. బెంగళూరు ఇంట్లో పూజగది అంటే గోడకు కొట్టిన ఒక అలమరా. అందులో అగరబత్తుల డబ్బా పక్కన కూర్చుని ఉంటుంది. దాని మూతకు ఒకవైపు చిన్న సొట్ట. ఎంత బిగించినా చివరి పావు చుట్టు తిరగదు. నీళ్లు పోసి పక్కకు వాల్చితే ఒక్కో చుక్కే కారుతుంది. సొట్ట తీయిద్దామని మా ఆవిడ చాలాసార్లు అంది. పాత్రలకు మాట్లు వేసే అతను ఐదు నిమిషాల పని అని కూడా చెప్పాడట. నేనే వద్దన్నాను. ఆ సొట్ట పడింది నా చేతుల్లో నుంచి. 1993 కార్తీకంలో, తలకోన అడవిలో.

తలకోన పేరు చెప్పగానే అందరికీ 270 అడుగుల జలపాతం గుర్తుకొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైనది అదేనంటారు. మా తలకోన మాత్రం అది కాదు. మా తలకోన ఎత్తు మా నాన్న కన్నా రెండు మూరలు ఎక్కువ, అంతే. పెద్ద జలపాతానికి వెళ్లే దారిలో, ఏరు రెండు బండల మధ్య ఇరుక్కుని, విసుగొచ్చినట్టు ఒక్కసారిగా కిందికి జారే చోటు. కింద మోకాలి లోతు మడుగు, చుట్టూ కూర్చోవడానికి చదునైన రాళ్లు. దానికి పేరు లేదు. మా అవ్వ మోకాళ్లు అక్కడిదాకే ఒప్పుకునేవి కాబట్టి, ఇంటిల్లిపాదికీ తలకోన అక్కడితో అయిపోయేది. అక్కడి నుంచి పైకి వెళ్లే జనం మమ్మల్ని జాలిగా చూసేవారు. "ఇంకొంచెం నడిస్తే పెద్దది వస్తుందమ్మా" అని అవ్వకు చెప్పేవాళ్లు కూడా ఉండేవారు. "పోయి రండి నాయనా, మేం ఇక్కడ మీ చెప్పులు చూస్తుంటాం" అనేది అవ్వ.

అప్పట్లో మేం తిరుపతిలో ఉండేవాళ్లం. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. వీధిలో నిలబడి తలెత్తితే శేషాచలం కొండలే కనిపించేవి. ఆ కొండల్లోనే ఇంకో వైపు తలకోన. శేషాచలం కొండలకు తల అక్కడ ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందని అవ్వ నమ్మకం. తల అంటే మొదలనీ, కోన అంటే లోయ అనీ నాన్న వివరించేవాడు. "నేను చెప్పిందీ అదే కదరా, తలే కదా మొదలు" అనేది ఆవిడ. ఈ వాదన ప్రతి కార్తీకంలోనూ వ్యానులో జరిగేది, భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడు. ఆ మలుపుల్లో చిన్నమ్మకు వాంతులయ్యేవి. మిగతావాళ్లం నిమ్మకాయ వాసన చూస్తూ ఆ వాదన వినేవాళ్లం.

కార్తీకంలోనే ఎందుకంటే, ఒకటి వనభోజనాలు. రెండోది వానలు. మా వైపు వానలంటే అసలు ఈశాన్య రుతుపవనాలే. అక్టోబరులో మొదలై, ఒకటి రెండు వాయుగుండాలు పలకరించి వెళ్తే, కార్తీకం నాటికి ఏరు నిండుగా ఉండేది. అయితే తలకోన ఏరు వానలు వెనకబడ్డాక కూడా చాలాకాలం పారుతుంది. దీనికి నాన్న చెప్పే కారణం నాకు ఇప్పటికీ ఆయన గొంతులోనే వినిపిస్తుంది: "ఈ బండలు చూడు, పుస్తకంలో పేజీల్లా అరలు అరలుగా ఉన్నాయి. బండ గట్టిదే, నీళ్లు తాగదు. కానీ పగుళ్లు ఉన్నాయి చూశావా, వాటిలోకి దిగి దాక్కుంటాయి. తీరిగ్గా బయటికొస్తాయి." ఆ తీరిక అనే మాట దగ్గర ఆయన అవ్వ వైపు చూసేవాడు. ఆవిడ నడక అలాంటిది.

ముందు రోజు రాత్రి నుంచే హడావుడి. పులిహోర కలపడం అమ్మ పని, అలసంద వడలు చిన్నమ్మ పని. పెరుగన్నం మాత్రం అవ్వ కలపాలి, అన్నం ఆరనివ్వకుండా పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి. మధ్యాహ్నానికి అడవిలో సరిగ్గా పుల్లబడీ పుల్లబడకుండా ఉండేది. ఆ లెక్క అమ్మకు ఎన్నడూ కుదరలేదు, ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. తెల్లవారుజామున అవ్వ చింతపండు పిప్పి, బూడిద పెట్టి మరచెంబు తోమేది. మూత లోపలి మరలో మురికి చేరకుండా పాత నూలు గుడ్డను పురిలా తిప్పి, ఆ చుట్ల వెంట లాగేది. అది ఆవిడ పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన చెంబు. రైలు ప్రయాణాల్లో అది ఉన్నవాళ్లు నీళ్లకోసం స్టేషన్లలో దిగాల్సిన పనే లేదని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. నాకు గుర్తున్నంతవరకూ ఆవిడ రైలెక్కింది రెండుసార్లే.

ఇక ఉసిరి సంగతి. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం చెయ్యాలి. తలకోన అడవిలో ఉసిరి చెట్లకు కొదవ లేదు. కానీ దాని నీడ జల్లెడలాంటిది, కింద పదిమంది కూర్చుంటే పదిమందికీ ఎండే. పెద్ద చెట్టు కింద కూర్చుని పక్కన ఉసిరి కొమ్మ పెట్టుకున్నా పుణ్యమేనని అవ్వ ఒక వెసులుబాటు కనిపెట్టింది. కొమ్మ విరవడానికి నాన్న ఒప్పుకోలేదు. 1989లో ఆ అడవి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోకి వచ్చింది, ఆకు తుంచినా తప్పేనని ఆయన భయం. పిల్లలకు పాఠం చెప్పేవాడు తానే కొమ్మ విరిస్తే ఎట్లా అని కూడా. అందుకని తిరుపతి మార్కెట్లో ఉసిరి కొమ్మ, దానితోపాటు అర్ధశేరు కాయలు కొని, వాటిని వ్యానులో పెట్టుకుని ఉసిరి చెట్ల అడవికి తీసుకువెళ్లేవాళ్లం. దీంట్లో తమాషా ఉందని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు.

నెరబైలు దాటాక రోడ్డు మీద నీడ మొదలయ్యేది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర వ్యాను దిగి, దణ్ణం పెట్టుకుని నడక. పెద్దవాళ్ల చేతుల్లో క్యారియర్లు, పిల్లల చేతుల్లో చాపలు, విస్తరాకులు. చిన్నాన్న భుజాన ట్రాన్సిస్టరు. కొండ సందులోకి వెళ్లగానే దానిలో గరగర తప్ప ఏమీ వచ్చేది కాదు, అయినా ప్రతిసారీ తెచ్చేవాడు. మరచెంబు మాత్రం అవ్వ చేతిలోనే, ఖాళీగా. పోయేటప్పుడు అందులో చుక్క నీరు ఉండకూడదని నియమం.

అవ్వ నడిచే తీరు వల్ల మాకు ఆ దారి అంగుళం అంగుళం తెలుసు. ఇరవై అడుగులకు ఒకసారి ఆగేది. ఆగినప్పుడల్లా పిల్లలకు చూడడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఎర్రచందనం చెట్టు బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుందని అలా ఆగినప్పుడే చూశాను. బయట నల్లగా మొద్దుగా కనిపించే ఆ చెట్టు లోపల అంత ఎరుపు దాచుకుంటుందంటే నమ్మబుద్ధి కాలేదు. చెట్ల పైన ఏదో కొమ్మ నుంచి కొమ్మకు దూకితే కోతి అనుకున్నాం. "కాదు, తోక చూడు, బెట్టుడుత" అన్నాడు నాన్న. మా పెరట్లో తిరిగే ఉడుతతో పోలిస్తే అది పిల్లి అంత ఉంది. పొట్ట భాగం లేత రంగు, వీపు ముదురు గోధుమ. ఒక్క క్షణం మావైపు చూసి, మేం దాని స్థాయికి తగినవాళ్లం కామన్నట్టు వెళ్లిపోయింది.

అన్నిటికన్నా పిల్లలకు ఇష్టమైనది గిల్లతీగ. తీగ అనే మాట దానికి చాలదు. మా తొడల కన్నా లావుగా, మెలికలు తిరిగి, ఒక చెట్టు మీద మొదలై ఏ చెట్టు మీద ముగుస్తుందో తెలియకుండా అడవి పైకప్పంతా అల్లుకుని ఉంటుంది. కిందికి వాలిన మెలికలో అవ్వ కూర్చునేది. అది ఆవిడకు దేవుడు వేసిన కుర్చీ. దాని కాయలు మా ఎత్తుకు దగ్గరగా ఉండేవి, పెద్ద చింతకాయను ఎవరో సాగదీసినట్టు. లోపల గింజలు గుండ్రంగా, చదునుగా, ముదురు గోధుమ రంగులో నున్నగా మెరుస్తుంటాయి. ఏటిలో కొట్టుకొచ్చిన ఒక గింజను తమ్ముడు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. క్యారమ్స్ స్ట్రైకరు పోయినప్పుడు ఏడాదిపాటు దానితోనే ఆడాం. అడుగు పూర్తిగా చదును కాదు కాబట్టి అది ఎటు పోతుందో కొట్టినవాడికే తెలిసేది కాదు. ఆ ఏడాది మా వీధిలో క్యారమ్స్ ఛాంపియన్ మా నాలుగేళ్ల చెల్లెలు.

ఇంత మెల్లగా నడిచినా మా జలపాతం వచ్చేసేది. కనిపించే ముందే తెలిసేది, గాలి చల్లబడేది. తరవాత చప్పుడు. గర్జన ఏమీ కాదు, పక్కింట్లో ఎవరో కొళాయి కట్టేయడం మరచిపోయినట్టు.

చేరగానే అవ్వ ఒక రాయి చూసుకుని కూర్చుని, చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని, పాదాలు మడుగులో పెట్టేది. పిల్లలను వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతిలో ఒక ఉసిరికాయ పెట్టేది. మొత్తం నమలాలి, ఊయకూడదు. మొదట వగరు, తరవాత నాలుక వెనక్కి ముడుచుకుపోయేంత పులుపు, కళ్లల్లో నీళ్లు. అప్పుడు మరచెంబు జలపాతం కింద పెట్టి నింపి, మూతలో నీళ్లు పోసి తాగమనేది. ఆ మూతే మా గ్లాసు.

ఆ నీళ్లు తియ్యగా ఉండేవి. నిజంగా తియ్యగా. పలచటి పానకంలా. "చూశారా, సిద్ధేశ్వరుడి నీళ్లు" అనేది అవ్వ. ఈ కొండల్లో మూలికల మీదుగా వస్తాయి కాబట్టి ఆ రుచి అని, ఆ నీళ్లకు రోగాలు పోతాయని అక్కడికి వచ్చేవాళ్లంతా చెప్పుకుంటారు. అనుమానించడానికి మాకు కారణమే లేదు. నాలుకే సాక్ష్యం.

1993లో నాకు తొమ్మిదేళ్లు. ఆ ఏడు నీళ్లు ఎక్కువ. నా వంతు వచ్చింది, తాగాను, ఇంకోసారి కావాలన్నాను, అవ్వ మళ్లీ పోసింది. చన్నీళ్లకు వేళ్లు మొద్దుబారి ఉన్నాయేమో, మూత జారింది. బండ మీద పడి టంగుమంది. ఒకసారి ఎగిరి, అంచు మీద నిలబడి చక్రంలా దొర్లి, నేను వంగేలోపే మడుగులోకి దిగిపోయింది. ఆ టంగుమన్న చప్పుడు తరవాత అందరూ మాట్లాడడం ఆపేశారు.

అవ్వ పెళ్లి చెంబు. మూత లేని మరచెంబు అంటే ఏమిటి, చెంబు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

నాన్న ప్యాంటు మడుచుకుని దిగాడు. అడుగున ఏదో మెరుస్తోంది. చెయ్యి పెడితే లేదు. "నీళ్లలో వస్తువు కనిపించే చోట ఉండదు, వక్రీభవనం" అని మాకు పాఠం చెబుతూ ఇంకో చోట చెయ్యి పెట్టాడు. అక్కడా లేదు. మెరిసింది తడి గులకరాయి. చలికి భయపడి ఆ పొద్దున గుడి దగ్గర స్నానం ఎగ్గొట్టిన చిన్నాన్న కూడా చివరికి చొక్కా విప్పి దిగాడు. కూర్చుని వెతికాడు, మునిగి వెతికాడు, జలపాతం ధార సరిగ్గా నెత్తిన పడుతుంటే ఆ మూల కూడా వెతికాడు. పావుగంట అయింది. పళ్లు కొట్టుకుంటున్నాయి.

అప్పుడు అవ్వ కుడికాలు నీళ్లలో నుంచి నెమ్మదిగా పైకెత్తింది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య మూత.

"నీ కాలి కిందే ఉందా అమ్మా?" అన్నాడు చిన్నాన్న.

"దొర్లుకుంటూ నా దగ్గరికే వచ్చింది."

"మరి చెప్పొచ్చు కదా!"

"కార్తీక సోమవారం. మీ ఇద్దరికీ స్నానం అవుతుంది కదా అని ఊరుకున్నాను."

ఆ రోజు కోతులు వడల పొట్లం ఎత్తుకుపోయాయి, తమ్ముడి చెప్పు ఒకటి ఏట్లో పోయింది. అవేవీ ఎవరికీ పట్టలేదు. తిరుగు ప్రయాణంలో సొట్ట మూత సందులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అవ్వ ఒళ్లో పెట్టుకున్న చెంబు కింద ఆవిడ చీర రూపాయి బిళ్లంత, ఆపైన అరచేయంత తడిసింది. ఇల్లు చేరేసరికి చెంబులో ముప్పావు వంతే మిగిలింది.

ఆ ముప్పావు వంతు వీధిలో పంచాలి. అది ఆచారం. ఉద్ధరిణెతో ఇంటికి ఒక్కొక్కరికి ఇంత. పక్కింటి పెద్దమ్మ కళ్లకద్దుకుని తాగింది. "తియ్యగా ఉన్నాయా?" అని ఆత్రంగా అడిగాను. ఆవిడ మొహమాటపడి, "నీళ్లు బాగున్నాయి నాయనా" అంది. ఎదురింటి మామ ఇంకా నిజాయితీపరుడు, "నీళ్లలా ఉన్నాయిరా" అన్నాడు. నాకు వాళ్లమీద జాలి వేసింది. అడవికి రానివాళ్లకు ఆ రుచి తెలియదని, ఇన్ని మైళ్లు తెచ్చేసరికి తీపి కూడా చుక్క చుక్కగా మూత సందులోంచి కారిపోయిందని నిర్ధారించుకున్నాను. దానికి కారణం నేనే కాబట్టి ఒక వారం నిద్ర సరిగా పట్టలేదు.

అసలు సంగతి తెలిసింది ఇంజనీరింగు రెండో ఏట, హాస్టలు గేటు దగ్గర. బండి మీద ఉసిరికాయలు, ఉప్పూకారం అద్ది అమ్ముతున్నారు. రెండు తిని, మెస్సు కొళాయి దగ్గర దోసిలి పట్టి తాగాను. క్లోరిన్ వాసన కొట్టే ఆ నీళ్లు తలకోన నీళ్లంత తియ్యగా ఉన్నాయి. కొళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయాను. ఉసిరి తిన్నాక ఏ నీళ్లయినా అంతే. నాలుక చేసే మాయ. సైన్సు మాస్టారి కొడుకును, ఆ మాత్రం తెలుసుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

సెలవులకు ఇంటికి వెళ్లి ముందు నాన్నను నిలదీశాను. ఆయన పేపరు దించకుండా, "నాకు నీ వయసు కన్నా చాలా ముందే తెలుసు" అన్నాడు. మరి చెప్పలేదేం అంటే, "నేను చిన్నప్పుడు మీ అవ్వకు చెప్పి చూశాను" అన్నాడు. అవ్వ దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆవిడకు నడక పూర్తిగా తగ్గిపోయింది, వరండాలో మంచం మీదే ఉండేది. ఉసిరికాయ రహస్యం అంతా విడమర్చి చెప్పాను. పరీక్షలో సమాధానం చెప్పినట్టు. మొత్తం విని, "అయితే ఉసిరికాయ ఎవరిదిరా? ఆయనదే కదా" అంది.

మార్కెట్లో కొన్నదని గుర్తు చెయ్యాలనుకుని ఊరుకున్నాను. మరుసటి ఏడాదే ఆవిడ పోయింది.

మధ్యలో ఒకసారి స్నేహితులతో వెళ్లి పెద్ద జలపాతం చూశాను. బాగుంది. చాలా బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అంత ఎత్తు నుంచి పడే నీళ్లు కిందికి వచ్చేలోపు గాలికి పొగలా చెదిరిపోతుంటే మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. కానీ అడుగున ఉన్న మడుగు దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. ఆ నీళ్లలో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్ల కథలు వింటూనే ఉంటాం. ఫొటోలు తీసుకుని దిగిపోయాం. దిగేటప్పుడు మా చిన్న జలపాతాన్ని ఎప్పుడు దాటామో కూడా గమనించలేదు. కుర్రవాళ్ల నడక కదా.

మొన్నటి కార్తీకంలో మళ్లీ వెళ్లాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల కూతురు, నాన్న. నాన్నకు ఇప్పుడు డెబ్బై దాటాయి, మోకాలికి పట్టీ. చాలా మార్పులు వచ్చాయి, దారిలో మెట్లు కట్టారు, చెట్ల మధ్య తాళ్ల వంతెన వేశారు, దాని మీద జనం అరుస్తూ ఊగుతున్నారు. జిల్లా పేరు కూడా మారింది, చిత్తూరు జిల్లా తలకోన 2022 నుంచి తిరుపతి జిల్లా తలకోన అయింది. గిల్లతీగ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నాన్న ఇరవై అడుగులకు ఒకసారి ఆగాడు. ఆగినప్పుడల్లా మనవరాలికి బండల అరలు, ఎర్రచందనం బెరడు చూపించాడు. నేను బెట్టుడుత కోసం తలెత్తి చూశాను, కనిపించలేదు.

"ఇదేనా?" అన్నాను ఒకచోట. "కాదు, ఇంకా ముందు" అన్నాడు. రెండుసార్లు ఇలాగే అయింది. మూడోసారి ఆయనే ఆగి, కర్రతో చూపించాడు. బండలు అవే కావచ్చు. నీళ్లు మాత్రం నేను అనుకున్నంత ఎత్తు నుంచి పడడం లేదు. నాన్న పక్కన నిలబడితే ఆయన తలకు జానెడు పైన ఉంది ధార. జలపాతం తగ్గిందో, నా లెక్క తప్పిందో, అప్పుడే ఎవరైనా కొలిచి ఉంటే బాగుండేది. అయినా కొలిచేవాళ్లు మాలో ఎవరున్నారు, నాన్న తప్ప. ఆయనకు అవ్వతో వాదించడానికే సరిపోయేది.

పాపకు ఉసిరికాయ ఇచ్చాను. మొత్తం నమలాలి, ఊయకూడదు అన్నాను. ఒక్క కొరుకు కొరికింది. ముఖం ముడుచుకుని, ఉమ్మేసి, నా చొక్కాకే నాలుక తుడుచుకుంది. అయినా వదలకుండా మరచెంబు నింపి మూతలో పోసి ఇచ్చాను. తాగింది.

"ఎలా ఉన్నాయి?"

"నీళ్లలా ఉన్నాయి నాన్నా."

నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు నా చేతి సంచిలోంచి ఒక ఉసిరికాయ తీసుకుని, ఉన్న పళ్లతో ఒక పక్కగా నెమ్మదిగా నమిలాడు. చాలాసేపు పట్టింది. మేం ముగ్గురం కాచుకుని ఉన్నాం. ఆ తరవాత మూత కోసం చెయ్యి చాపాడు. రెండుసార్లు పోయించుకుని తాగాడు. ఎలా ఉన్నాయో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

తిరుగు దారిలో కారు నడిపింది మా ఆవిడ. చెంబు నా ఒళ్లో ఉంది. భాకరాపేట ఘాటు దిగేసరికి నా ప్యాంటు మీద అరచేయంత తడి.